తల్లి ఒళ్లో ఉన్న పాపకు కారు ప్రమాదంలో కాలు విరిగితే పరిహారం తగ్గిస్తారా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నెల్లూరు నుంచి ఒంగోలు వస్తున్నారు. సింగరాయకొండ దాటాక ముందు వెళ్తున్న లారీ ఇండికేటర్ వేయకుండా రోడ్డు మధ్య డివైడర్ సందులోకి తిరిగింది, మీ కారు పోయి దాని వెనక మూలకు గుద్దింది. ముందు సీట్లో మీ ఆవిడ ఒళ్లో ఉన్న నాలుగేళ్ల పాపకు తొడ ఎముక విరిగింది, తల డ్యాష్‌బోర్డుకు తగిలింది. ఇది జరిగి రెండు నెలలు. ఇప్పుడు లారీ ఇన్సూరెన్సు తరఫు మనిషి ఇంటికొచ్చి, లక్షా పాతిక వేలు ఇస్తాం, సంతకం పెట్టండి, కోర్టుకెళ్తే బెల్టు లేకుండా ఒళ్లో కూర్చోబెట్టారని మీకే ఎదురు తిరుగుద్ది అన్నాడు. ఒప్పుకోమంటారా అన్నది మీ మొదటి ప్రశ్న. ఇకముందు పాపకూ, ఎనిమిది నెలల బాబుకూ ఎలాంటి సీటు కొనాలన్నది రెండోది.

సంతకం పెట్టకండి. ఒంగోలు, నెల్లూరు కోర్టుల్లో మోటారు ప్రమాదాల కేసులే నా పని. మొదట్లో ఇన్సూరెన్సు కంపెనీల ప్యానెల్ లాయరుగా చేశాను, తర్వాత దెబ్బ తిన్నవాళ్ల తరఫున వస్తున్నాను. ఆయన మీకు చెప్పిన మాట కంపెనీ కోర్టులో వేసే ఏ కౌంటర్‌లో, అంటే జవాబు కాగితంలో, చూసినా కనిపించేదే. కంపెనీకి అది వాదన. మీ ఇంటి గడపలో చెప్పినప్పుడు మాత్రం బెదిరింపు.

ముందు ఆ లక్షా పాతిక సంగతి చూద్దాం. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయం. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయానికి తప్పు ఎవరిదన్న రుజువే లేకుండా రెండున్నర లక్షలు ఇవ్వాలి. 2019లో చేసిన ఈ సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంటే ఏ వాదనా లేకుండా వచ్చే దాంట్లో సగమే ఆయన మీ చేతిలో పెడతానంటున్నాడు. మరి ఆ రెండున్నర లక్షలైనా తీసుకుందామా అంటే అక్కడా ఒక మెలిక ఉంది. 164 కింద డబ్బు ఒప్పుకుంటే 166 కింద పూర్తి పరిహారానికి వేసే అసలు క్లెయిమ్ రద్దయిపోతుందని చట్టంలోనే రాసి ఉంది. పాప కాలు ఎలా పెరుగుతుందో, తలకు తగిలిన దెబ్బ ఎక్కడ తేలుతుందో తెలియని దశలో ఆ దారి మూసుకోవడం మంచిది కాదు.

ఇంకొకటి. పాప మైనరు. మైనరు తరఫున కేసులో రాజీ పడాలంటే కోర్టు అనుమతి కావాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు 7వ రూలు అదే చెబుతుంది. ఇంటికొచ్చి తెల్లకాగితం మీదో స్టాంపు కాగితం మీదో తండ్రి చేత పెట్టించుకునే సంతకం పాప హక్కును కట్టేయలేదు. కంపెనీకి నిజంగా రాజీ ఉద్దేశం ఉంటే ట్రిబ్యునల్, అంటే మోటారు ప్రమాదాల క్లెయిములు తేల్చే కోర్టు, ముందు చెప్పొచ్చు, లోక్ అదాలత్‌కు రావచ్చు. నేనూ అలా చాలా కేసులు ముగించాను. రాజీ తప్పు కాదు. గాయం ఎంతో తెలియకముందు చేసే రాజీ తప్పు.

ఇక మిమ్మల్ని రాత్రిళ్లు నిద్ర పోనివ్వనిది, ఒళ్లో కూర్చోబెట్టిన సంగతి. మీరు రాసిన తీరులోనే అది తెలుస్తోంది. చట్టం దాన్ని రెండు ముక్కలుగా చూస్తుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టో చైల్డ్ సీటో లేకుండా తీసుకెళ్తే 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా. అది డ్రైవరుకు పడేది. పాప పరిహారం వేరే సంగతి. నాలుగేళ్ల పిల్లకు తన రక్షణ తాను చూసుకునే తెలివి ఉండదు కాబట్టి నిర్లక్ష్యం అంటగట్టడం కుదరదు. తల్లిదండ్రుల నిర్లక్ష్యాన్ని బిడ్డ ఖాతాలో రాసి బిడ్డ డబ్బు కోయడమూ కుదరదు. కంపెనీ లాయరు మాత్రం అడుగుతాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ ఆవిడను "బెల్టు పెట్టుకున్నారా? పాపకు పెట్టారా?" అని నిలదీస్తాడు. లేదని ఉన్నదున్నట్టు చెప్పమనండి. పెట్టామని అబద్ధం చెప్పి, డిస్ఛార్జి సమ్మరీలో "ఒళ్లో కూర్చున్న బిడ్డ" అని డాక్టరు రాసింది బయటపడితే మిగతా సాక్ష్యం మీద కూడా నమ్మకం పోతుంది. మీ ఆవిడకు కూడా దెబ్బలు తగిలి ఆమె విడిగా క్లెయిమ్ వేస్తే మాత్రం బెల్టు లేదన్న మాట ఆమె పరిహారంలో కొంత కోతకు దారి తీయొచ్చు. రెండు క్లెయిములూ కలిపి ఆలోచించకండి.

నన్ను అడిగితే మీ కేసులో అసలు చిక్కు బెల్టు కాదు, వెనక నుంచి గుద్దడం. ముందు బండికి తగినంత ఎడం ఉంచలేదు, కాబట్టి తప్పు కారుదే అని వాళ్లు గట్టిగా వాదిస్తారు. అందుకని ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చి మొదటి పేరా చదవండి. ఫిర్యాదు ఎవరిచ్చారు, లారీ డ్రైవరు నిందితుడిగా ఉన్నాడా, ఇండికేటర్ లేకుండా తిరిగాడన్న ముక్క ఉందా? బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281తో పాటు 125(ఎ) పెట్టి ఉంటే అది మామూలు గాయం కింద రాసినట్టు. ఎముక విరిగిందని ఆసుపత్రి నుంచి వూండ్ (గాయం) సర్టిఫికెట్ వచ్చాక 125(బి)కి మార్చాలి, ఎస్ఐ గారిని అడగండి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు రిపోర్టులో ఏ బండికి ఎక్కడ దెబ్బ తగిలిందో ఉంటుంది. లారీ కుడి వెనక మూల, మీ కారు ఎడమ ముందు మూల దెబ్బ తిని ఉంటే లారీ ఎడమ నుంచి మీ దారికి అడ్డంగా తిరిగిందన్న మాటకు అదే పెద్ద బలం. దగ్గర్లో పెట్రోలు బంకో హోటలో ఉండి కెమెరా ఉంటే ఇవాళే వెళ్లి అడగండి, రికార్డింగు ఎక్కువ రోజులు ఉంచరు.

ఒకవేళ ట్రిబ్యునల్ మీ తప్పు కూడా కొంత ఉందని తేల్చినా పాపకు వచ్చేది తగ్గదు. రెండు బండ్ల తప్పు వల్ల మూడో మనిషికి దెబ్బ తగిలితే ఆ మనిషి మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. మీ కారులో ఉన్న మీ కూతురే ఆ మూడో మనిషి. లారీ కంపెనీ మొత్తం కట్టి, మీ వంతు మీ నుంచో మీ కారు ఇన్సూరెన్సు నుంచో తర్వాత రాబట్టుకోవచ్చు. ఇక్కడే మీ పాలసీ బయటికి తీసి చూడండి. ప్యాకేజీ పాలసీ, అంటే అందరూ ఫుల్ ఇన్సూరెన్సు అనేది, అయితే కారులో కూర్చున్నవాళ్లకు కవరు ఉంటుంది. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే ప్రైవేటు కారులో ఉచితంగా వచ్చేవాళ్లకు ఉండదు. ప్రీమియంలో కాసిన్ని వేలు మిగులుతాయని థర్డ్ పార్టీతో సరిపెట్టుకునేవాళ్లు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి, కారులో తిరిగేది సొంత పిల్లలే కదా.

దీన్నిబట్టి పాప తరఫున పిటిషన్ వేసే పెద్దదిక్కుగా, కోర్టు భాషలో నెక్స్ట్ ఫ్రెండ్‌గా, మీరు ఉండొద్దు. రేపు కారు యజమానిగా మిమ్మల్నీ, మీ కారు ఇన్సూరెన్సు కంపెనీనీ కూడా ప్రతివాదులుగా చేర్చాల్సి వస్తే మీరు రెండు వైపులా నిలబడినట్టు అవుతుంది. మీ ఆవిడ పేరుతోనో తాతగారి పేరుతోనో వేయించండి.

గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. ఆ గడువు సబబేనా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది గానీ మీరు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పోలీసులు నలభై ఎనిమిది గంటల్లో మొదటి రిపోర్టు, తొంభై రోజుల్లో వివరమైన రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 నుంచి రూల్స్ ఉన్నాయి. ఆ రిపోర్టునే పిటిషన్‌గా తీసుకోవచ్చు కూడా. వాళ్లు పంపారో లేదో కనుక్కోండి, పంపినా మీ ఎంవీఓపీ, అంటే పరిహారం పిటిషన్, మీరు వేసుకోండి. ప్రమాదం జరిగిన చోటే వేయాలనేం లేదు, మీరు కాపురముండే జిల్లాలో కూడా వేయొచ్చు. నెల్లూరులో ఉంటూ వాయిదా వాయిదాకూ ఒంగోలు తిరగడం దేనికి?

చాలామంది తండ్రులు "కాలు పూర్తిగా నయమయ్యాక వేద్దాం" అని ఆగుతారు. వద్దు. పిటిషన్ ఇప్పుడే వేసి, వైకల్యం రుజువు సాక్ష్యం దశలో పెట్టుకోవచ్చు. పిటిషన్‌లో అడిగిన మొత్తం కంటే న్యాయమైన పరిహారం ఎక్కువని తేలితే ట్రిబ్యునల్ ఎక్కువే ఇవ్వొచ్చు, దానికి సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కూడా లెక్కలోకి వస్తుంది.

పిల్లల ఎముకల సంగతి పెద్దవాళ్ల లాంటిది కాదు. తొందరగా అతుక్కుంటాయి, అది అదృష్టం. కానీ ఎముక చివర పెరిగే పొర దెబ్బ తింటే ఆ కాలు పొట్టిగానో వంకరగానో పెరగొచ్చు, ఒక్కోసారి దెబ్బ తిన్న కాలే కొంచెం ఎక్కువ పెరుగుద్ది. అది ఏడాది రెండేళ్ల తర్వాత గానీ బయటపడదు. మీ ఆర్థోపెడిక్ డాక్టరును సూటిగా అడగండి: విరిగింది పెరిగే పొర దగ్గరా, మధ్యలోనా? ఎన్నాళ్లకోసారి రెండు కాళ్ల పొడవు కొలవాలి? ఆ జవాబు కేసు షీటులో రాయించండి. తల దెబ్బ ఇంకా మాయదారిది. స్కాన్ బాగుందని పంపేసినా, పాప చీటికీ మాటికీ చిరాకు పడటం, నిద్ర చెడటం, అంతకు ముందు చెప్పిన రైమ్స్ మర్చిపోవడం లాంటివి కనిపిస్తే తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. అంగన్‌వాడీకో నర్సరీకో వెళ్తుంటే ప్రమాదానికి ముందు, తర్వాత టీచరు ఏమంటుందో రాయించుకోండి. ఇలాంటి కేసుల్లో తల్లి రాసుకున్న నోట్‌బుక్ ఒక్కోసారి స్కాన్ కంటే ఎక్కువ పని చేస్తుంది, డాక్టరు సాక్ష్యానికి అది తోడుంటే.

బిల్లులన్నీ దాచండి అని అందరూ చెబుతారు, నేను మళ్లీ చెప్పను. జనం వదిలేసేవి చెబుతాను: చెన్నై ఆసుపత్రికి తీసుకెళ్తే టోల్ రసీదులు, బస్సు టికెట్లు, పాప దగ్గర ఉండటానికి మీ ఆవిడ పెట్టిన సెలవుకు ఆఫీసు లెటరు, ఫిజియోథెరపీ చేసినవాళ్ల దగ్గర ప్రతి వారం చీటీ. పుత్తూరు వెళ్లి నాటు కట్టు కట్టిస్తే ఆ ఖర్చుకు రసీదు ఉండదు, అడిగినా లాభం లేదు. పైగా ఆసుపత్రి వైద్యం మధ్యలో ఆపి అక్కడికి వెళ్తే "నిర్లక్ష్యం వల్ల కాలు వంకర పోయింది" అని కంపెనీ వాడుకుంటుంది.

ఇప్పుడు లెక్క. చిన్నపిల్లకు సంపాదన ఉండదు కదా, పరిహారం ఏముంటుంది అనుకుంటారు. సుప్రీంకోర్టు 2013లో పిల్లలకు ఒక పట్టీ ఇచ్చింది: వైకల్యం పది శాతం లోపు లక్ష, పది నుంచి ముప్పై వరకు మూడు లక్షలు, అరవై వరకు నాలుగు, తొంభై వరకు ఐదు, ఆ పైన ఆరు. వైద్యం ఖర్చులు వేరు. కంపెనీలు ఇప్పటికీ ఆ పట్టీనే చూపిస్తాయి. కానీ 2020లో హర్యానా బాలిక కేసులో సుప్రీంకోర్టు నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనాన్ని ఆధారంగా తీసుకుని, భవిష్యత్తు పెరుగుదలకు నలభై శాతం కలిపి, కోర్టులు వయసును బట్టి వాడే గుణకం పద్దెనిమిదితో హెచ్చించి, చూసుకునే మనుషుల ఖర్చు కూడా జీవితకాలానికి లెక్కగట్టి 62 లక్షలకు పైగా ఇచ్చింది. ఆ పిల్లకు నూరు శాతం వైకల్యం. తర్వాత 2025 తీర్పులో కూడా మైనర్లకు ఆ రాష్ట్రంలోని నైపుణ్య కార్మికుడి కనీస వేతనమే ఆధారమని చెప్పింది.

తేడా తెలియడానికి ఒక లెక్క వేస్తాను, వేతనం ఊహించుకున్నదే. నెలకు 13,000 అనుకుందాం. నలభై శాతం కలిపితే 18,200, ఏడాదికి 2,18,400, పద్దెనిమిదితో హెచ్చిస్తే 39,31,200. పాపకు మొత్తం శరీరం మీద ఇరవై శాతం వైకల్యం మిగిలిందనుకుంటే అందులో ఇరవై శాతం 7,86,240. పాత పట్టీ ప్రకారం మూడు లక్షలు. నొప్పి, వైద్యం, తోడు మనిషి ఖర్చు దీనికి అదనం. మీ పాపకు ఇంత వస్తుందని నేను అనడం లేదు. దేవుడి దయ వల్ల పూర్తిగా నయమైతే వైకల్యం పద్దు కింద ఏమీ రాదు, రాకపోతేనే సంతోషం. కాలికి నలభై శాతం అని మెడికల్ బోర్డు రాస్తే అది మొత్తం శరీరానికి నలభై కాదు, తగ్గుతుంది. సదరం (వైకల్యం) సర్టిఫికెట్ ఉంటే చాలదు, వైద్యం చేసిన డాక్టరో బోర్డు డాక్టరో సాక్ష్యం చెప్పాలి. డాక్టరు సాక్ష్యానికి రాకే బోలెడు కేసులు నీరుగారిపోయాయి, కాబట్టి ఆయనతో మంచిగా ఉండండి.

వచ్చిన డబ్బు మీ చేతికి రాదు. మీరు ఖర్చు పెట్టిన వైద్యం డబ్బు మీకు ఇచ్చినా, పాప వాటా ఆమె మేజరు అయ్యేదాకా బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది. మధ్యలో ఆపరేషనుకో చదువుకో కావాలంటే ట్రిబ్యునల్‌కు పిటిషన్ పెట్టి తీసుకోవచ్చు. ఇది విని ముఖం చిన్నబుచ్చుకునే బంధువులు ఉంటారు, పట్టించుకోకండి.

క్యాజువాలిటీ వరండాలో తిరిగే ఏజెంట్ల గురించి కూడా ఒక మాట. "వచ్చిన దాంట్లో ముప్పై శాతం" లాంటి బేరం లాయరు చేయకూడదని బార్ కౌన్సిల్ రూలే ఉంది. ఫీజు ఎంతో కాగితం మీద తేల్చుకోండి. స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఇది చదివే మిగతావాళ్ల కోసం: ప్రమాదం జరిగిన ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది, జాబితాలో ఉన్న ఆసుపత్రా అని అడగండి. గుద్దిన బండి దొరక్కపోతే 161 సెక్షన్ కింద తీవ్ర గాయానికి యాభై వేలు, ప్రాణం పోతే రెండు లక్షలు వస్తాయి.

ఇక సీట్లు. ఒళ్లో గట్టిగా పట్టుకుంటాం కదా అంటారు మన ఆడవాళ్లు, అమ్మమ్మలైతే మరీ. యాభై కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడకు తగిలి అరమీటరులో ఆగితే పది కిలోల బిడ్డ చేతుల్లోంచి దాదాపు రెండు వందల కిలోల బరువుతో లాగుతుంది. అంత బస్తాను కళాసీ కూడా పట్టుకోలేడు. పైగా తల్లి బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ఒకే బెల్టు ఇద్దరికీ కలిపి చుట్టడం ఇంకా ప్రమాదం, బెల్టు బిడ్డ పొట్టను నొక్కేస్తుంది.

బాబుకు వెనక్కి ముఖం పెట్టి కూర్చునే సీటు, వెనక సీట్లోనే. ఆ వయసులో తల బరువెక్కువ, మెడ బలహీనం. గుద్దుకున్నప్పుడు సీటు వీపు తలనూ మెడనూ కలిపి ఆపాలి. కనీసం పదిహేను నెలల వరకు, సీటు బరువు పరిమితి దాటకపోతే ఇంకా ఎక్కువ కాలం అలాగే ఉంచండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో అలాంటి సీటు పెట్టడం ప్రాణాంతకం. పాపకు కాలు కుదుటపడ్డాక ముందుకు చూసే సీటు, ఐదు పట్టీలది, దాదాపు పద్దెనిమిది కిలోల దాకా. ఆ తర్వాత వీపు ఉన్న బూస్టరు, కారు బెల్టుతో, ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు వచ్చేవరకు. బెల్టు కింది భాగం తుంటి ఎముకల మీద, పై భాగం భుజం మధ్య మీద పడాలి. పొట్ట మీదో మెడ మీదో పడితే బూస్టరు అవసరం తీరలేదన్నమాట.

కొనేటప్పుడు మన దేశపు ప్రమాణం ఏఐఎస్ 072 లేదా యూరపు ఆర్44, ఆర్129 గుర్తు చూడండి. బొమ్మల కొట్లో దొరికే మెత్త కుర్చీకి పట్టీలు కట్టినవి సీట్లు కావు. కారులో పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు లేకపోయినా మూడు పట్టీల బెల్టుతో బిగించే సీట్లున్నాయి. బిగించాక బెల్టు పోయే చోట పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్ల కంటే కదలకూడదు. ఎవరి దగ్గరో వాడిన సీటు తీసుకోవద్దు, అది ఏ ప్రమాదం చూసిందో మనకు తెలియదు. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండకు బకిల్ కాలి బిడ్డ చర్మం పొక్కుద్ది, సీటు మీద తెల్ల తుండు కప్పి ఉంచండి. పాప మొదటి వారం ఏడుస్తుంది. జొన్నవాడ దాకా, మైపాడు బీచి దాకా చిన్న ప్రయాణాలతో అలవాటు చేయండి, ఏడుస్తోందని మధ్యలో విప్పి ఒళ్లోకి తీసుకుంటే ఇక ఎప్పటికీ కూర్చోదు. మీ తమ్ముడు బైకు మీద తిప్పుతాడని రాశారు కదా, నాలుగేళ్ల లోపు పిల్లలకు బైకు మీద నడిపేవాళ్లకు కలిపి కట్టే పట్టీ జాకెట్టూ, తొమ్మిది నెలలు నిండితే హెల్మెట్టూ ఉండాలని, నలభై కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి రూలు. బాబును ఆ బండి ఎక్కించేముందు అది చూపించండి.

మీ కారు ఇంకా షెడ్డులోనే ఉందన్నారు. ఇన్సూరెన్సు సర్వేయరు ఎస్టిమేట్ వేసేటప్పుడు ఎయిర్‌బ్యాగుతో పాటు సీటు బెల్టుల సంగతి కూడా అడగండి. గుద్దుకున్నప్పుడు బెల్టును బిగదీసే ప్రిటెన్షనర్ ఒక్కసారే పని చేస్తుంది, మళ్లీ వాడటానికి రాదు. పైకి బాగానే కనిపించే బెల్టును అలాగే వదిలేసి బంపరు, రంగు చూసుకుని బండి తెచ్చుకునేవాళ్లు చాలామంది. రెండు ముందు బెల్టులూ మార్చినట్టు బిల్లులో విడిగా రాయించుకున్నాకే బండి తీసుకోండి.